ఫ్లష్ ట్యాంకు కింద తడి: టైల్స్ పగలగొట్టకుండా తేలిన పటమట కేసు

విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్, పై అంతస్తు ఫ్లాట్, పెద్ద బెడ్‌రూమ్‌కి ఆనుకుని ఉన్న బాత్రూమ్. కమోడ్ వెనక ఫ్లష్ ట్యాంకు కింద రోజూ పొద్దున్నే నీళ్లు నిలుస్తున్నాయన్నది కంప్లైంట్. కార్తీకం వెళ్లాక మొదలవుతుంది, సంక్రాంతి దాటేదాకా ఉంటుంది, శివరాత్రి వచ్చేసరికి దానంతట అదే ఆగిపోతుంది, మళ్లీ ఏడాది చలి రాగానే మళ్లీ మొదలు. నన్ను పిలిచేనాటికే ట్యాంకుకి నీళ్లు వదిలే గోడ కుళాయి, అదే యాంగిల్ కాక్, కొత్తది వేశారు, కనెక్షన్ పైపు మార్చారు, ట్యాంకుని కమోడ్‌కి బిగించే బోల్టుల వాషర్లు కూడా మార్చారు. ఒక ప్లంబర్ ట్యాంకుకి కంటికి కనపడని పగులు ఉంది, సెట్టు మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన గోడలో పైపు లీకవుతోంది, టైల్స్ పగలగొట్టి చూడాలన్నాడు. పగలగొట్టే రోజు కూడా ఖాయం చేసుకున్నాక, ఎందుకైనా మంచిది ఇంకొకరికి చూపిద్దామని ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేశారు.

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. విజయవాడలో, గుంటూరులో, లీకే లేని చోట లీకు కోసం పగలగొట్టిన బాత్రూమ్‌లు నేను చాలా చూశాను. టైల్ ఒకసారి పగిలిందంటే అదే డిజైన్ మళ్లీ దొరకడం కష్టం, లోపలి వాటర్‌ప్రూఫింగ్ పొర తెగుతుంది, అప్పటిదాకా లేని లీకు నిజంగా అప్పుడు మొదలవుతుంది. వేలు ఖర్చుపెట్టి కొత్త సమస్య కొనుక్కున్నట్టు అవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అదే బాత్రూమ్‌ని ఆవిడ అత్తగారు, ఎనభైకి దగ్గరపడ్డ మామ్మగారు వాడతారు. నున్నటి టైల్స్, కమోడ్ పక్కనే తడి. ఒకసారి కాలు జారి, గోడకున్న హ్యాండిల్ అందబట్టి ఆగారట. నేను వెళ్లగానే మామ్మగారు అన్న మాట ఇది: "బాబూ, నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తర్వాత చూద్దువుగాని, ముందు నేల ఆరేట్టు చెయ్యి నాయనా." ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో తెలిసినవాళ్లెవరూ ఈ తడిని చిన్న విషయంగా తీసుకోరు.

ముందుగా నాకు తట్టింది టైమ్. అంతకుముందు వచ్చినవాళ్లంతా పదకొండు తర్వాత వచ్చారు. అప్పటికి ట్యాంకు బయటంతా ఆరిపోయి ఉంటుంది, నేల మీద మాత్రం నీళ్లుంటాయి. అది చూస్తే ఎవరికైనా లీకు అనే అనిపిస్తుంది. అందుకే తెల్లవారుజామున వస్తానని, నేను వచ్చేదాకా ఆ బాత్రూమ్‌లో ఎవరూ స్నానం చేయొద్దని చెప్పాను. చలికాలంలో మాత్రమే కనపడే తడి విషయంలో చూడాల్సిన సమయం అదే.

వెళ్లేసరికి ట్యాంకు బయట పొడిగా ఉంది. నేల కూడా పొడే. అయినా గుడ్డతో ఒకసారి తుడిచి, కింద న్యూస్‌పేపర్ పరిచాను. ట్యాంకు మూత తీసి లోపల నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, యాంగిల్ కాక్ కట్టేసి, నీళ్లలో జిలేబీ రంగు చెంచాడు కలిపాను. అరగంట ఆగాం. పేపర్ తడవలేదు, బోల్టుల దగ్గర చుక్క లేదు, గోడ పొడిగా ఉంది. అంటే పగులూ లేదు, బయటికి లీకూ లేదు. కానీ నీటి మట్టం మాత్రం గీతకి రెండు మూడు వేళ్లు కిందికి దిగింది, కమోడ్ గిన్నెలో నారింజ రంగు కనపడింది. ఫ్లష్ వాల్వ్ కింద ఉండే రబ్బరు సీల్ పట్టడం లేదన్నమాట. ఫ్లష్ కొట్టకపోయినా నీళ్లు సన్నగా గిన్నెలోకి పోతున్నాయి, పోయినంత మేరా కొత్త నీళ్లు ట్యాంకులోకి వస్తున్నాయి. చప్పుడు ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. దీని సంగతి కింద చెబుతాను, ఈ కేసులో దాని పాత్ర ఉంది.

తర్వాత కాక్ తెరిచి, ట్యాంకు నిండాక రంగు ఇంకాస్త వేసి, ఇంట్లోవాళ్లని రోజూ ఎలా వాడతారో అలాగే వాడమన్నాను. ఇద్దరు వేణ్నీళ్ల స్నానాలు ముగించి బయటికొచ్చేసరికి అద్దం పూర్తిగా మసకబారింది. ట్యాంకు మీద ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు సన్నటి బొట్లు, అవి కలిసి పెద్దవై, జారి, అడుగు అంచు నుంచి టపటపా పేపర్ మీద పడుతున్నాయి. లోపల నీళ్లు నారింజ రంగు, బయట బొట్లు తేట నీళ్లు. ఇంకా ముఖ్యమైనది, బొట్లు లోపలి నీటి మట్టం దాకానే ఉన్నాయి, దాని పైన పింగాణీ దాదాపు పొడిగా ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు ఒక అడ్డ గీత. ఈ గీత కనపడితే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, అది లీకు కాదు, ట్యాంకుకి పట్టిన చెమట. ఇంటావిడని పిలిచి వేలితో ఆ గీత తాకి చూడమన్నాను, ఎందుకంటే నా మాట మీద కంటే తన వేలి మీద ఆవిడకి నమ్మకం ఎక్కువ ఉండాలి.

ఆవిడ వెంటనే అడిగారు, "ఈ ఎండల ఊళ్లో ట్యాంకుకి చెమటేంటండీ, మన నీళ్లేమైనా ఐస్ నీళ్లా?" ప్రశ్న సరైనదే.

అమెరికా లాంటి చలి దేశాల్లో ఫ్లష్ ట్యాంకులకి చెమట పట్టేది ఎక్కువగా వేసవిలో. భూమిలోంచి వచ్చే నీళ్లు అప్పుడు కూడా బాగా చల్లగా ఉంటాయి, బయటి గాలి వేడిగా, తేమగా ఉంటుంది, ఆ రెండూ ట్యాంకు గోడ దగ్గర కలుస్తాయి. అక్కడ ట్యాంకులోకి కొంచెం వేడినీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ బిగిస్తారు. మనకి అది పనికిరాదు. మన వేసవిలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లతో మధ్యాహ్నం చేతులు కడుక్కోవడమే కష్టం. వర్షాకాలం ఉక్కపోతలో కూడా, 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున డ్యూ పాయింట్ 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. డ్యూ పాయింట్ అంటే గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, ఏ వస్తువైనా అంతకంటే చల్లగా ఉంటేనే దాని మీద నీళ్లు పడతాయి. ఆగస్టులో మన ట్యాంకు నీళ్లు అంతకంటే వెచ్చగానే ఉంటాయి, కాబట్టి చెమట పట్టదు. బోరు నీళ్లయితే సరేసరి, చలికాలం తెల్లవారుజామున కూడా గోరువెచ్చగా వస్తాయని బోరు ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు.

మరి ఈ ఇంట్లో ఎందుకు పట్టింది? ఇక్కడ పైకెక్కేది మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు. వాచ్‌మన్ రాత్రి మోటారు వేస్తాడు, డాబా మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో ఆ నీళ్లు రాత్రంతా చలికి ఉంటాయి. జనవరి తెల్లవారుజామున బయట 18, 19 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్లష్ ట్యాంకు గోడ మీద థర్మామీటర్ గన్ పెడితే 21 చూపించింది. స్నానాలకి ముందు గదిలో గాలి 23 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలికి డ్యూ పాయింట్ 18 పైచిలుకు. ట్యాంకు అంతకంటే వెచ్చగా ఉంది కాబట్టి పొడిగా ఉంది, సరిపోయింది. రెండో స్నానం తర్వాత గదిలో 27 డిగ్రీలు, తేమ 95 శాతం. డ్యూ పాయింట్ 26 దాటింది. ట్యాంకు ఇంకా ఇరవై ఒకటి, ఇరవై రెండు దగ్గరే ఉంది. నాలుగైదు డిగ్రీల తేడా అంటే నీళ్లు ధారకట్టడానికి చాలా ఎక్కువ.

అంటే నీళ్లు మరీ చల్లగా ఉండి కాదు, గది మరీ ఆవిరిగా ఉండి. ఈ మాట నేను కస్టమర్లకి చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే అందరి చూపూ ట్యాంకు మీదే ఉంటుంది. లెక్క చూడండి. ఆ బాత్రూమ్ ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు, అంటే సుమారు 10 ఘనమీటర్ల గాలి. స్నానాలకి ముందున్న గాలికి, తర్వాత ఉన్న గాలికి తేడా ఘనమీటరుకి 9 గ్రాముల నీటి ఆవిరి. మొత్తం గదికి 90 గ్రాములు, ఒక టీ గ్లాసుడు నీళ్లు. అంత కొంచెం ఆవిరి చాలు. వేడినీళ్ల కుళాయి కింద ఖాళీ బకెట్ పెట్టి తిప్పితే ఆ టీ గ్లాసు ఎంతసేపట్లో గాల్లో కలుస్తుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు రబ్బరు సీల్ దగ్గరికి వద్దాం. చెమట పట్టడం దానంతట అదే ఆగాలి నిజానికి. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది, ఆ వేడి ట్యాంకులోకి పోతుంది. ఒక ఫ్లష్‌కి వచ్చే 6 లీటర్ల నీళ్లు 4 డిగ్రీలు వేడెక్కడానికి కావాల్సిన వేడి సుమారు 40 మిల్లీలీటర్ల చెమటతోనే వచ్చేస్తుంది. అంతటితో ట్యాంకు డ్యూ పాయింట్‌కి దగ్గరపడి చెమట ఆగిపోవాలి. కానీ ఫ్లష్ కొట్టినప్పుడల్లా చల్లటి నీళ్లు మళ్లీ నిండుతాయి, ఇక సీల్ కూడా కారుతుంటే కొట్టకపోయినా నిండుతూనే ఉంటాయి. పైగా రాత్రంతా నిలకడగా ఉంటే ట్యాంకు నీళ్లు గది వేడికి, అంటే 23కి వచ్చేవి. కారడం వల్ల తెల్లారేసరికి 21 దగ్గరే ఉన్నాయి. నలుగురున్న ఇల్లు, పొద్దున రెండు మూడు గంటలు అందరూ ఒకరి తర్వాత ఒకరు. పావు లీటరు దాకా నేల మీదికి చేరిందంటే ఆశ్చర్యం లేదు.

ఎక్కువ డబ్బు పెట్టకుండా ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్లాం, ఏది పనిచేసిందో తెలియాలి కదా. ముందు సీల్. ఫ్లష్ వాల్వ్ విప్పితే రబ్బరు చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది, అంచు గట్టిపడిపోయింది. కొన్నాళ్లు బోరు నీళ్లు కూడా వాడారట, అది అప్పటి ఉప్పే అయ్యుండాలి. సీటు మీది ఉప్పుని వెనిగర్‌తో నానబెట్టి, ప్లాస్టిక్ బ్రష్‌తో తీసి కొత్త సీల్ వేశాను. ఇక్కడ బాత్రూమ్ యాసిడ్ పోయొద్దు, పది నిమిషాల్లో శుభ్రమవుతుంది గానీ రబ్బరు, లోపలి లోహపు భాగాలు పాడవుతాయి. మళ్లీ రంగు వేసి చూస్తే గిన్నెలోకి రాలేదు. ఆ తర్వాత తడి తగ్గింది, కానీ పోలేదు. తగ్గుతుందనే అనుకున్నాను, పోతుందని అనుకోలేదు.

రెండోది ఆవిరి బయటికి పోవడం. బాత్రూమ్‌లో ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, వేస్తున్నారు కూడా. కాగితం మీద చూస్తే అలాంటి ఫ్యాన్ గంటకి 200 ఘనమీటర్ల దాకా గాలి లాగాలి, 10 ఘనమీటర్ల గది మూడు నిమిషాల్లో ఖాళీ కావాలి. అద్దం మాత్రం అరగంటైనా మసకగానే ఉంది. అగరబత్తి వెలిగించి తలుపు కింద పెట్టాను, పొగ నిటారుగా లేచింది, లోపలికి వంగలేదు. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించారు, బొద్దింకలు రాకుండా, బెడ్‌రూమ్ ఏసీ చల్లదనం పోకుండా. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ బయటికి దేన్ని తోస్తుంది? పట్టీ తీయించి తలుపు కింద అరంగుళం పైనే సందు వదిలాం. బొద్దింకల కోసం నేలకి ఉన్న జాలీకి మూత మార్చాను, అవి వచ్చేది ఎక్కువగా అక్కణ్ణించే.

పట్టీ తీశాక పొగ కొంచెం వంగింది, కొంచెమే. అప్పుడు వెంటిలేటర్‌లోంచి డక్టులోకి తల పెట్టి పైకి చూశాను. అన్ని అంతస్తుల బాత్రూమ్‌లూ తెరుచుకునే ఆ డక్టుకి డాబా మీద ఫైబర్ షీటు అడ్డంగా పరిచి, చుట్టూ సిమెంటు పెట్టి మూసేశారు. వాన పడకుండా, పావురాలు దూరకుండా. ఐదు అంతస్తుల గీజర్ల ఆవిరి ఆ గొయ్యిలోనే తిరుగుతోంది, పై అంతస్తుకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే వేడి ఆవిరి పైకే చేరుతుంది. మన ఊరి అపార్ట్‌మెంట్లలో పావురాల గోల నాకు తెలుసు, షీటు తీసేయమని ఎవరూ ఒప్పుకోరు, తీయాల్సిన అవసరం కూడా లేదు. అసోసియేషన్ సెక్రటరీ గారిని డాబా మీదికి తీసుకెళ్లి, డక్టు పక్కన చెయ్యి పెట్టి వేడి చూడమన్నాను. ఆయన వెంటనే సరేనన్నారు. ఇనుప యాంగిల్స్ మీద షీటుని అడుగు ఎత్తు లేపి, నాలుగు పక్కలా పావురాల వల బిగించాం. వాన పడదు, పావురం దూరదు, గాలి పోతుంది. ఖర్చు అన్ని ఫ్లాట్లూ పంచుకున్నాయి, ఎందుకంటే కింది ఫ్లాట్లలో బాత్రూమ్ గోడల మీద నల్ల బూజుకి కూడా కారణం ఇదే.

ఆ మర్నాడు పొద్దున రెండు స్నానాల తర్వాత గదిలో 25 డిగ్రీలు, తేమ 78 శాతం. డ్యూ పాయింట్ 21కి అటూఇటూ. ట్యాంకు గోడ 22 పైన. పేపర్ పొడిగా ఉంది.

ఇంటాయనకి ఒక అనుమానం మిగిలింది, భోగి రోజుల్లో బయట మంచు కమ్మేసి ఉంటుంది కదా, అప్పుడు ఫ్యాన్ వేస్తే ఆ మంచంతా లోపలికి లాగదా అని. లాగినా నష్టం లేదు. 18 డిగ్రీల గాలి నిండా తేమ ఉన్నా ఘనమీటరుకి 15, 16 గ్రాముల కంటే మోయలేదు. స్నానం తర్వాత మన గది గాలిలో ఉన్నది 24 పైన. పొగమంచు గాలే మన బాత్రూమ్ గాలి కంటే పొడి. కాబట్టి స్నానం చేస్తున్నప్పుడు, తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఫ్యాన్ ఆపొద్దన్నాను.

ఇంట్లోవాళ్లకి చెప్పిన మరో చిన్న మార్పు, బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి ఆ తర్వాత వేణ్నీళ్లు కలపమని. ఖాళీ బకెట్‌లోకి కాగే నీళ్లు వదిలితే లేచే ఆవిరిలో చాలా భాగం అలా తగ్గుతుంది. గీజర్ 50 దగ్గర పెడితే ఇంకా మంచిది. మామ్మగారు దీన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నారు, ఇప్పుడు మనవడు ముందు వేడి కుళాయి తిప్పితే ఊరుకోవడం లేదట.

ట్యాంకు లోపల ఫోమ్ అతికించే పద్ధతి కూడా ఉంది. ఇక్కడ దాని అవసరం రాలేదు. కిటికీ అసలే లేని, డక్టు కూడా లేని బాత్రూమ్‌లో అయితే అదే చేస్తాను. ఏసీ రాగి పైపులకి చుట్టే నల్లటి నైట్రైల్ ఫోమ్ షీటు రూపంలో దొరుకుతుంది, అది తీసుకోవాలి. ట్యాంకు ఖాళీ చేసి, ఒక రోజంతా పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లలో ఊడని జిగురుతో నాలుగు గోడలకీ, అడుగుకీ అతికించాలి. ఫ్లోట్‌కి, ఫ్లష్ వాల్వ్‌కి తగలకుండా చూసుకోవాలి. థర్మాకోల్ వద్దు, గింజలు ఊడి సీల్ కింద ఇరుక్కుంటే మళ్లీ కారడం మొదలు. ట్యాంకు మీద టర్కీ టవల్ కవరు తొడగడం కూడా చూస్తుంటాను, మన తేమకి అది ఎప్పుడూ ఆరదు, వారంలో వాసన వస్తుంది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం గోడకి బిగించే ప్లాస్టిక్ ట్యాంకు గురించి ఆలోచించవచ్చు, ప్లాస్టిక్ గోడ పింగాణీ అంత త్వరగా చల్లదనాన్ని బయటికి ఇవ్వదు, చెమట తక్కువ.

వానాకాలంలో ట్యాంకు తడుస్తోందని ఎవరైనా అంటే లెక్క మారుతుంది, అది కూడా చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో ఆగస్టులో ఇదే కంప్లైంట్. అక్కడ గీజర్ వాడటం లేదు. రాత్రంతా ఏసీ 20లో పెట్టి, అటాచ్డ్ బాత్రూమ్ తలుపు తెరిచి పడుకుంటున్నారు. తెల్లారేసరికి బాత్రూమూ, ట్యాంకులో నీళ్లూ 23 దగ్గరికి చల్లబడుతున్నాయి. లేవగానే కిటికీ తెరుస్తారు, బయటి గాలి 27 డిగ్రీలు, 90 శాతం తేమ, డ్యూ పాయింట్ 25. ట్యాంకే కాదు, టైల్స్ కూడా చెమర్చాయి. రాత్రి బాత్రూమ్ తలుపు మూసి పడుకోమన్నాను, అంతే, అక్కడ వేరే పని పడలేదు.

పటమట ఇంట్లో ఒకే పని మిగిలింది. ఇన్నేళ్ల తడికి ట్యాంకు కింది బోల్టులు తుప్పు పట్టాయి. వాషర్లు మార్చినప్పుడు కూడా పాత ఇనుప బోల్టులే మళ్లీ బిగించారు. వాటి స్థానంలో ఇత్తడివి వేయాలి, లేకపోతే ఏదో ఒక రోజు అక్కడ నిజమైన లీకే వస్తుంది. వేసవిలో వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వాచ్‌మన్ దగ్గర పెడతామన్నారు, అప్పుడు వేస్తాను.